హైదరాబాద్ నుంచి కుక్కతో సముద్రానికి: తరచుగా అడిగే ప్రశ్నలు

చలి మొదలవగానే కొండాపూర్ డాగ్ పార్కులోనూ, మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గరా ఇవే సందేహాలు వినిపిస్తుంటాయి. ప్రతిసారీ నిలబడి చెప్పేకంటే అన్నీ ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. ఏ ప్రశ్న కావాలంటే అది చదువుకోవచ్చు. నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఈ ప్రయాణంలో టైమ్‌టేబుల్ కుక్కది. మన సరదాలు దాని మధ్యలో ఇమిడితే ఇముడుతాయి, లేదంటే వదులుకోవాలి.

## వెళ్లాలా వద్దా

మా కుక్కకి సముద్రం నిజంగా నచ్చుతుందా?

కొన్నిటికి పిచ్చి ఇష్టం. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ లాంటివి నీళ్లు కనిపిస్తే ఆగవు. మా రాణి దేశీ కుక్క. మొదటిసారి అల మీదికొస్తుంటే చెవులు వెనక్కి పెట్టి, తోక దించి, పట్టీ తెగేలా వెనక్కి లాగింది. నీళ్లు వెనక్కి పోగానే మెడ సాచి నాలుగడుగులు వేసి, తడి ఇసుకని వాసన చూసి, ఇంకో అల చప్పుడు వినగానే మళ్లీ పరుగు. ఇప్పటికీ అది నీళ్లలోకి దిగదు. పీతల బొరియల్లో ముక్కు పెట్టి బుసకొట్టడం, ముందుకాళ్లతో ఇసుక తవ్వడం, దానికి అదే పండగ. ఎత్తుకెళ్లి నీళ్లలో దించితే భయం పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, బలపడుతుంది. ఎంత దూరం వెళ్లాలో దాన్నే తేల్చుకోనివ్వండి. దీపావళి టపాసులకి మంచం కింద దూరే కుక్కైతే అలల హోరుకి కూడా మొదటి రోజు బెదరొచ్చు.

ఎలాంటి కుక్కల్ని తీసుకెళ్లకూడదు?

ముక్కు చప్పిడిగా ఉండే పగ్, షీట్జు, బుల్‌డాగ్‌లని తీసుకెళ్లే ముందు డాక్టరుని తప్పకుండా అడగండి. కుక్క ఒళ్లు ప్రధానంగా రొప్పడం వల్లే చల్లబడుతుంది. నాలుక మీదా, నోట్లో, ముక్కులో ఉన్న తడి ఆవిరైతేనే వేడి బయటికి పోతుంది. కోస్తాలో గాలి నిండా తేమ ఉంటుంది కాబట్టి ఆ తడి త్వరగా ఆరదు. అందుకే హైదరాబాద్ పొడి ఎండని తట్టుకున్న కుక్క కూడా అక్కడ తక్కువ ఎండకే అలిసిపోతుంది. చప్పిడి ముక్కు కుక్కలకి మామూలుగానే గాలి చాలదు, ఇక ఉక్కపోతలో చెప్పక్కర్లేదు.

టీకాల కోర్సు పూర్తికాని పిల్లలు, కడుపుతో ఉన్నవి, గుండె జబ్బుకి మందులు వాడుతున్నవి, ఎదకొచ్చిన ఆడకుక్కలు ఇంట్లోనే ఉండటం మేలు.

ఏ నెలల్లో వెళ్తే బాగుంటుంది?

డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం, వాతావరణ శాఖ హెచ్చరికలు చూడకుండా బయల్దేరొద్దు. కార్తీక పౌర్ణమికి సూర్యలంక, వాడరేవు, మంగినపూడి తీరాలు సముద్ర స్నానాలకి వచ్చే జనంతో నిండిపోతాయి. ఆ రోజుల్లో కుక్కకి అక్కడ పనిలేదు. సంక్రాంతికి విజయవాడ హైవే సంగతి మీకు తెలిసిందే. టోల్‌గేటు దగ్గర గంటలకొద్దీ కారులో ఇరుక్కుపోతే అది ఏం చెయ్యగలదు? ఏప్రిల్, మే నెలల గురించి అసలు ఆలోచించొద్దు.

హైదరాబాద్‌కి దగ్గర్లో కుక్కతో వెళ్లదగ్గ తీరం ఏది?

బాపట్ల దగ్గరి సూర్యలంక, చీరాల దగ్గరి వాడరేవు, రామాపురం, మచిలీపట్నం దగ్గరి మంగినపూడి. అన్నీ కాస్త అటూఇటూగా 350 కిలోమీటర్ల లోపే, మధ్యలో ఆగుతూ వెళ్తే ఏడెనిమిది గంటలు. విశాఖ 600 కిలోమీటర్లు దాటుతుంది. మొదటి ప్రయాణానికి అంత దూరం వద్దంటాను.

నా ఓటు మామూలు రోజుల్లో రామాపురం వైపు. సూర్యలంకకి శని, ఆదివారాల్లో జనం బాగా వస్తారు, పైగా పక్కనే వైమానిక దళ కేంద్రం ఉంది, ఆ వైపు నడవకండి. మంగినపూడిలో ఇసుక కంటే నల్లమట్టి ఎక్కువ. బొచ్చు కుక్కకి అంటుకుంటే వదిలించడం పెద్ద పని. విశాఖ రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, అంటే శుభ్రమైన, భద్రమైన తీరాలకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు. ఆ గుర్తింపు ఉన్న తీరంలో పెంపుడు జంతువుల రాకపోకల మీద గట్టి నియంత్రణ ఉండాలన్నది నిబంధన. కాబట్టి కుక్కతో అక్కడికి వెళ్లకపోవడమే సరి.

తీసుకెళ్లలేకపోతే కుక్కల హాస్టల్లో వదలొచ్చా?

వదలొచ్చు, కానీ ముందు ఒక రాత్రి ఉంచి చూడండి. అది బాగా ఎరిగిన మనిషి మీ ఇంటికే వచ్చి ఉండగలిగితే అంతకంటే మంచి ఏర్పాటు లేదు.

## బయల్దేరే ముందు

ఏ టీకాలు, ఏ కాగితాలు కావాలి?

రేబిస్ టీకా, ఏటా వేసే కంబైన్డ్ టీకా గడువులో ఉండాలి. కంబైన్డ్‌లో లెప్టోస్పైరోసిస్ కూడా ఉందో లేదో చూసుకోండి. ఎలుకల మూత్రం కలిసిన మురుగు, నిలవ నీళ్ల నుంచి వచ్చే జబ్బు అది, మనుషులకీ అంటుకుంటుంది. గడువు దాటితే బయల్దేరే రోజు పొద్దున వేయించి లాభం లేదు, కనీసం రెండు మూడు వారాల ముందే వేయించాలి. టీకాల పుస్తకం, డాక్టరిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్, మున్సిపల్ లైసెన్సు ఉంటే అది, మూడూ ఫోన్లో ఫోటోలుగా కూడా ఉంచుకోండి.

పిడుదుల మందు అవసరమా? మా కుక్కకి ఇక్కడ ఒక్కటి కూడా లేదు.

అవసరం. దారిలో ఆగే గడ్డిలో, లాడ్జీ ఆవరణలో, ఊరకుక్కలు పడుకునే చోట పిడుదులు, అంటే టిక్స్, ఉంటాయి. ఎర్లికియా, బబేసియా జ్వరాలు వాటి వల్లే వస్తాయి. మాత్రా, మెడ మీద వేసే చుక్కలా, కాలరా అన్నది కుక్క బరువు, వయసు చూసి డాక్టరు చెబుతారు. పిల్లి ఉన్న ఇల్లైతే ఆ సంగతి కూడా చెప్పండి. కుక్కలకి వాడే కొన్ని మందులు పిల్లికి విషం.

బ్యాగులో ఏం పెట్టాలి?

అన్నిటికంటే ముందు నీళ్లు. రోజూ తాగే నీళ్లే రెండు క్యాన్లు. కొత్త ఊరి నీళ్లకి కొన్ని కుక్కల కడుపు పాడవుతుంది. తర్వాత అది పడుకునే పాత దుప్పటి, ఉతక్కుండా. కొత్త గదిలో దాని వాసన దానికి ధైర్యం. వెడల్పాటి గిన్నె, రెండు పాత తువ్వాళ్లు, ఐదు నుంచి పది మీటర్ల పొడవు పట్టీ, ఒంటికి వేసే హార్నెస్, మలం తీసే సంచులు, గాజుగుడ్డ, సెలైన్ సీసా, పిడుదులు తీసే పట్టకారు, రోజూ వాడే మందులు. మెడ పట్టీ మీద మీ ఫోన్ నంబరు ఉన్న బిళ్ల తప్పనిసరి. మన మందుల పెట్టెలోని పారాసెటమాల్, ఐబూప్రొఫెన్ మాత్రం దానికి ఎప్పుడూ వెయ్యొద్దు.

రూము బుక్ చేసేటప్పుడు ఏం అడగాలి? "పెట్స్ అలౌడ్" అని ఉంది కదా.

ఆ రెండు మాటలు నమ్మి వెళ్లొద్దు. కొన్నిచోట్ల బాల్కనీలో కట్టేస్తేనే ఒప్పుకుంటారు, కొన్నిచోట్ల చిన్న జాతులకే ఒప్పుకుంటారు. ఫోన్ చేసి, కుక్క జాతి, బరువు చెప్పి, గదిలోపల మాతోనే పడుకోవచ్చా, విడిగా డబ్బు ఎంత, కింది అంతస్తులో గది ఇస్తారా, ఆవరణలో వేరే కుక్కలు వదిలేసి ఉంటాయా, కరెంటు పోతే జనరేటర్ ఏసీకి కూడా పనిచేస్తుందా అని అడగండి. వాళ్లు చెప్పిన జవాబుని వాట్సాప్‌లో కూడా పెట్టించుకోండి. మాకు ఒకచోట ఫోన్లో సరేనని, రాత్రి తొమ్మిదింటికి గేటు దగ్గర కుదరదన్నారు. వాట్సాప్ మెసేజ్ చూపిస్తేనే తాళాలిచ్చారు.

## దారిలో

మా కుక్క కారెక్కితే వాంతి చేసుకుంటుంది. ఏం చెయ్యాలి?

నెల ముందు నుంచే అలవాటు చెయ్యండి. మొదట ఆపి ఉన్న కారులో కూర్చోబెట్టడం, తర్వాత కాలనీ చుట్టూ ఒక రౌండు, తర్వాత ఔటర్ రింగురోడ్డు మీద అరగంట. ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందు తిండి ఆపేయండి, నీళ్లు కొద్దికొద్దిగా ఇవ్వండి. అప్పటికీ తగ్గకపోతే కుక్కలకి వాడే వాంతుల మందు ఉంది, డాక్టరుని అడిగి తీసుకోండి. వెనక సీట్లో హార్నెస్‌ని సీటు బెల్టుకి కట్టాలి. కిటికీలోంచి తల బయటపెడితే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, దుమ్ము, పురుగులు కంట్లో పడతాయి, సడన్ బ్రేకుకి మెడ దెబ్బతింటుంది.

ఎన్ని గంటలకోసారి ఆగాలి?

రెండు గంటలకోసారి, పది పదిహేను నిమిషాలు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఎండెక్కేలోపు సగం దూరం దాటేస్తారు. నార్కట్‌పల్లి దగ్గర అద్దంకి రోడ్డుకి తిరిగి మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా వెళ్తే బాపట్ల వైపు దగ్గర. కారు తలుపు తెరిచే ముందే పట్టీ చేతికి చుట్టుకోండి. హైవే పక్కన కుక్క తప్పిపోవడం అన్నది తలుపు తెరిచిన ఆ క్షణంలోనే జరుగుతుంది.

మేం టిఫిన్ చేసే పావుగంట కారులో ఉంచొచ్చా?

వద్దు. నీడలో ఆపినా, అద్దం కొంచెం దించినా వద్దు. మూసిన కారులో పది నిమిషాలకే దాదాపు పది డిగ్రీలు పెరుగుతుంది. ఒకరు దాని దగ్గర బయట నిలబడండి, ఇంకొకరు తిని రండి.

రైల్లో తీసుకెళ్లొచ్చా?

ఏసీ ఫస్ట్ క్లాసులో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీకే ఉంటే మీతో పాటు తీసుకెళ్లొచ్చు. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్, చైర్‌కార్‌లలో కుదరదు, కాబట్టి విశాఖ వెళ్లే వందే భారత్‌లో కుదరదు. టికెట్ కొంటే కూపే వచ్చినట్టు కాదు. కూపే కావాలని రైల్వే అధికారులకి ముందే దరఖాస్తు పెట్టుకోవాలి, వచ్చిందీ లేనిదీ చార్టు తయారయ్యాకే తెలుస్తుంది. వస్తే, ప్రయాణం రోజు చాలా ముందుగా కుక్కతో సహా స్టేషన్లోని పార్సిల్ ఆఫీసుకి వెళ్లి, టీకా కాగితాలు, ఒకటి రెండు రోజుల లోపు తీసుకున్న ఫిట్‌నెస్ సర్టిఫికెట్ చూపించి డబ్బు కట్టాలి. బుక్ చెయ్యకుండా ఎక్కిస్తే ఆరు రెట్లు వసూలు చేస్తారు.

గార్డు దగ్గరి బోగీలో కుక్కల కోసం పెట్టె కూడా ఉంటుంది. నేనైతే అందులో పెట్టను. చీకట్లో, ఆ చప్పుడులో, మనిషి కనపడకుండా గంటలు గడపడం దానికి సెలవు కాదు.

## బసలో

కొత్త గదిలో రాత్రంతా తిరుగుతూ, మొరుగుతూ ఉంటే?

రాగానే సామాను సర్దుకోకుండా ముందు దాన్ని ఆవరణ అంతా నడిపించండి. తర్వాత గదిలో ప్రతి మూలా వాసన చూడనివ్వండి, పాత దుప్పటి మీ మంచం పక్కన పరవండి. వరండాలో అడుగుల చప్పుడుకి మొరుగుతుంటే ఫ్యాను గట్టిగా పెడితే కొంత నయం. సాధారణంగా రెండో రాత్రికి సర్దుకుంటుంది, అందుకే ఒక్క రాత్రి కోసం అంత దూరం తీసుకెళ్లడం నాకు నచ్చదు.

గదిలో ఒంటరిగా వదిలి భోజనానికి వెళ్లొచ్చా?

మొదటి రోజు వెళ్లకండి. గది ఊడ్చేవాళ్లు తలుపు తీస్తే బయటికి పరిగెడుతుంది.

అక్కడ చేపలు, రొయ్యలు పెట్టొచ్చా?

ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించి, ముళ్లు తీసిన చేప ముక్క కొంచెం పెట్టొచ్చు. ఇగురు, వేపుడు, బిర్యానీ బొక్కలు వద్దు, ఉడికిన ఎముక పెచ్చులుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. పెరుగన్నంలో ఉల్లిపాయ ముక్కలు, ప్రసాదంలో కిస్‌మిస్ ఉంటాయని చాలామందికి గుర్తుండదు. రెండూ కుక్కకి హాని చేస్తాయి. సెలవు రోజుల్లో కొత్త రుచులు తగ్గించి, రోజూ తినేదే పెట్టండి.

## ఒడ్డున

ఏ టైములో తీసుకెళ్లాలి?

తెల్లవారాక ఎనిమిది, ఎనిమిదిన్నర లోపు, మళ్లీ సాయంత్రం ఐదు తర్వాత. మధ్యలో గది, ఫ్యాను, నిద్ర. ఇసుక మీద మీ అరచేతి వెనక భాగం ఆనించండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే దాని పాదాలు కాలుతున్నట్టే. గాలి చల్లగా వీస్తున్నా పొడి ఇసుక వేడిగా ఉండొచ్చు.

పట్టీ విప్పి పరిగెత్తించొచ్చా? జనం లేరు కదా.

పొడవు పట్టీ వెయ్యండి, విప్పొద్దు. జనం లేకపోయినా ఇసుక ఖాళీగా ఏం ఉండదు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరానికి రాత్రుళ్లు వచ్చి, ఇసుకలో గుంట తవ్వి, వంద దాకా గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతాయి. గుడ్లలోంచి పిల్లలు రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. మనకి పైనుంచి ఏమీ కనపడదు. కుక్క ముక్కుకి మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. నాలుగు నిమిషాల తవ్వుడుతో ఒక గూడు మొత్తం పోతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్న జీవి అది. పొద్దున్నే ఒడ్డు నుంచి పైకి ట్రాక్టరు చక్రం ముద్రలాంటి జాడ కనిపిస్తే అటు వెళ్లకండి, కర్రలు పాతి కంచె కట్టిన చోటుకీ వెళ్లకండి. గూడు పాడైనట్టు కనిపిస్తే అటవీ శాఖ వాళ్లకి చెప్పండి.

మన కుక్క పరుగు కోసం అంత దూరం ఈదుకొచ్చిన తల్లి కష్టం వృథా కాకూడదు. పట్టీ పొడవుగా ఉంటే పరుగుకీ లోటుండదు.

సముద్రపు నీళ్లు తాగేస్తోంది, ఏమవుతుంది?

నాలుగు గుటకలైతే విరేచనాలతో సరిపోతుంది. ఎక్కువ తాగితే రక్తంలో ఉప్పు పెరిగి వాంతులు, తూలడం, ఫిట్స్ దాకా వెళ్తుంది, ప్రాణం మీదికి వస్తుంది. కుక్క దాహంతోనే తాగుతుంది కాబట్టి పదిహేను నిమిషాలకోసారి మంచినీళ్లు ముందు పెట్టండి. బంతి ఆడించినా నీళ్లు, ఇసుక రెండూ మింగుతుంది. ఇసుక పేగుల్లో గడ్డకట్టిందంటే ఆపరేషన్ దాకా పోవచ్చు. బంతి బదులు నడక మేలు. వాంతులు ఆగకపోయినా, నడక తూలినా డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే.

ఈత వచ్చిన కుక్కే, లోతుకి పంపొచ్చా?

చెరువులో ఈత వేరు, సముద్రం వేరు. మన తీరంలో ఒడ్డు నుంచి లోపలికి లాగేసే ప్రవాహాలు ఉంటాయి. విశాఖ ఆర్కే బీచ్‌లో మనుషులే కొట్టుకుపోతుంటారు. దాని పొట్ట తడిసేంత లోతు చాలు, పైన పట్టుకునే పిడి ఉన్న లైఫ్ జాకెట్ వేసి, పట్టీ చేతిలో ఉంచుకోండి. అలల ఎత్తు, ఉప్పెన హెచ్చరికలు ఇచ్చే ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ (INCOIS) మన ప్రగతినగర్‌లోనే ఉంది. వాళ్ల వెబ్‌సైట్లో తీరం వారీగా సముద్రం పరిస్థితి ఉంటుంది, వెళ్లే ముందు రోజు చూడండి. కుక్క కొట్టుకుపోతుంటే మీరు దూకొద్దు. అక్కడి జాలర్లని కేకేయండి.

ఒడ్డున చచ్చిన చేపలు, జెల్లీఫిష్‌లు నోట పెడుతోంది.

వెంటనే "వదులు" అంటే వదిలేలా ఇంట్లోనే నేర్పండి. ఉబ్బి, ఒంటి నిండా ముళ్లున్న పఫర్ చేపలో ఉండే విషానికి విరుగుడు లేదు, ఎండిపోయినా విషం పోదు. జెల్లీఫిష్ చచ్చి ఒడ్డున పడి ఉన్నా కుడుతుంది. కుడితే సముద్రపు నీళ్లతోనే కడగండి, మంచినీళ్లు పోస్తే మంట ఎక్కువయ్యే ప్రమాదం ఉంది. ఇసుకతో రుద్దొద్దు. గాలపు ముల్లు గుచ్చుకుంటే లాగకుండా డాక్టరుతో తీయించండి. కుళ్లిన చేప మీద దొర్లితే మాత్రం ప్రమాదం లేదు, కారు ఎక్కించే ముందు రెండుసార్లు షాంపూ పట్టించాలి, అంతే.

పల్లెకారుల (జాలర్ల) ఊళ్లో ఎలా మసలుకోవాలి?

అది వాళ్లు బతికే చోటు అని గుర్తుంచుకుంటే చాలు. ఎండుచేపలు ఆరబెట్టిన పట్టాల దగ్గరికి, వలలు పరిచిన చోటుకి కుక్కని పోనివ్వొద్దు. గోరు తగిలి వలలో ఒక కన్ను తెగినా వాళ్లకి పూట పని. ముందు అక్కడి పెద్దాయన ఎవరినైనా "అన్నా, కుక్కతో ఇటు నడవొచ్చా?" అని అడగండి. ఏ వైపు గాజుపెంకులు ఉన్నాయో, ఏ వైపు ఊరకుక్కలు కోపిష్టివో కూడా చెబుతారు. మలం ఇసుకలో పూడ్చడం కుదరదు, సంచిలో తీసుకురావాలి.

ఊరకుక్కలు మీద పడితే?

పరిగెత్తొద్దు, వాటికి వీపు చూపించకుండా నెమ్మదిగా వెనక్కి రండి. చిన్న కుక్కైనా చేతుల్లోకి పైకెత్తితే అవి మీ మీదికే ఎగురుతాయి. దాన్ని ఎక్కడైనా కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగాలి. టీకాలు వేసి ఉన్నా మళ్లీ రేబిస్ టీకా పడాలి, అదే రోజు డాక్టరుకి చూపించండి. మిమ్మల్ని కరిచినా, గీరినా అలాగే కడుక్కుని ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి.

ఎండదెబ్బ తగిలిందని ఎలా తెలుస్తుంది?

ఆగకుండా రొప్పడం, చిక్కటి చొంగ, ఎర్రబడిన చిగుళ్లు, వెనక్కాళ్లు తడబడటం. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. ముందు అక్కడికక్కడే చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రి. నీడకి తెచ్చి, మామూలు చల్లటి నీళ్లు ఒళ్లంతా ఆపకుండా పొయ్యండి, విసరండి. తడి తువ్వాలు కప్పి ఉంచొద్దు, వేడి లోపలే ఆగిపోతుంది. స్పృహ ఉంటే నీళ్లు తాగనివ్వండి, బలవంతంగా పొయ్యొద్దు. కారులో ఏసీ ఫుల్ పెట్టి తీసుకెళ్లండి. తేరుకున్నట్టు కనిపించినా డాక్టరుకి చూపించాలి, లోపల కిడ్నీలు దెబ్బతిని ఉండొచ్చు. బాపట్లలో, చీరాలలో కుక్కల్ని చూసే డాక్టరు నంబరు బయల్దేరే ముందే ఫోన్లో ఉండాలి. విజయవాడ దాకా రాగలిగితే గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది.

## తిరిగొచ్చాక

ఎప్పుడు స్నానం చేయించాలి?

ఒడ్డు నుంచి వచ్చిన ప్రతిసారీ మంచినీళ్లతో కడగండి. షాంపూ ఇంటికొచ్చాక చాలు. వేళ్ల మధ్య ఉప్పు, ఇసుక ఉండిపోతే నాకి నాకి పుండు చేసుకుంటుంది. చెవులు మెత్తటి గుడ్డతో పొడిగా తుడవండి, లోపలికి ఇయర్ బడ్ పెట్టొద్దు. లాబ్రడార్, కాకర్ లాంటి వేలాడే చెవుల కుక్కలకి తడి ఆరకే చెవి చీము పట్టేది. తల విదిలిస్తూ, చెవి గోకుతూ ఉంటే చూపించండి.

వచ్చాక రెండు రోజులుగా పడుకునే ఉంటోంది, భయపడాలా?

తింటూ, తాగుతూ, మూత్రం మామూలుగా పోస్తూ ఉంటే అలసటే. రెండు రోజులు చిన్న నడకలతో సరిపెట్టండి. మూడో రోజుకీ లేవకపోతే, లేదా వచ్చిన మూడు వారాల లోపు జ్వరం, తిండి మానేయడం, తెల్లబడిన చిగుళ్లు, ముక్కులోంచి రక్తం, ముదురు రంగు మూత్రం కనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. తీరానికి వెళ్లొచ్చిన సంగతి, తేదీలతో సహా డాక్టరుకి చెప్పండి. పిడుదుల జ్వరాన్ని వెంటనే అనుమానించి పరీక్ష రాయడానికి అది పనికొస్తుంది.